పొగలేని బస్సూ, మా అవ్వ కేకా

ఈ మధ్య నిజామాబాద్ బస్టాండులో కరెంటు బస్సులు నిలబడుతున్నాయి. మొన్న ఒకటి ఎక్కాను. పక్క సీటులో కూర్చున్న కాలేజీ అమ్మాయి నా నెరిసిన జుట్టు చూసి, పాపం ఏమీ తెలియని మనిషి అనుకుందో ఏమో, "ఆంటీ, దీనికి పొగే రాదు తెలుసా?" అని పాఠం మొదలుపెట్టింది. నాకు తెలియకపోవడమేమిటి తల్లీ! బస్సుకు పొగ పోతే ఏమవుతుందో నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. "పొగ పోతే జనానికి బస్సు దొరకదు" అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి చెవుల్లో తీగలు పెట్టుకుంది. వినే ఓపిక లేనివాళ్లకు చెప్పే ఓపిక నాకూ లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

తొంభైలు ముగింపుకొస్తున్న రోజుల్లో నేను బస్సు కండక్టర్‌ని. ఆడవాళ్లను ఆ ఉద్యోగంలోకి తీసుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. ఖాకీ చొక్కా, భుజానికి తోలు సంచి, చేతిలో టికెట్ల కట్ట. మొదట్లో కొందరు ఎక్కడికీ పోయే పని లేకపోయినా స్టాపు దాకా వచ్చి నన్ను చూసి పోయేవాళ్లు. "సూసింది సాలు, ఎక్కుతరా, పోతరా?" అని అరిచేదాన్ని. ఆ గొంతు మా అవ్వ ఇచ్చిందే. అవ్వ అంటే నన్ను కన్నతల్లి, మా దిక్కున తల్లిని అలాగే పిలుస్తాం. జొన్న చేలో పిట్టలను తోలి తోలి ఆమె గొంతు ఎలా తయారైందంటే, ఇంట్లో మామూలుగా మాట్లాడినా పక్కింటివాళ్లు "ఏమైందక్కా?" అని వచ్చేవాళ్లు.

పెళ్లయ్యాక నా కాపురం నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో. డ్యూటీ మాత్రం తల్లిగారి ఊరికి. నిజామాబాద్‌లో బయలుదేరిన మా బస్సు బోధన్ మీదుగా వర్ని, చందూర్ చుట్టి, ఇంకొంచెం ముందుకెళ్లి మా ఊరి రోడ్డు దగ్గర వెనక్కి మలుపుకునేది. ఆ లైను వేయించుకోవడానికి డిపోలో నేను పోట్లాడని మనిషి లేడు. ఎంతైనా రోజూ అవ్వను చూడొచ్చు కదా! పెళ్లయిన ఎంతమంది ఆడపిల్లలకు ఆ అదృష్టం ఉంటుంది చెప్పండి.

అవ్వ రోజూ మధ్యాహ్నం సద్ది గిన్నె పట్టుకుని స్టాపుకు వచ్చేది. జొన్న రొట్టె, పుంటికూర, చెరకు సీజన్ అయితే ఇంత కొత్త బెల్లం. అయితే బస్సు దగ్గరికి మామూలుగా వచ్చేది కాదు. దూరంగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడేది. బస్సు ఆగాక గట్టిగా ఊపిరి బిగబట్టి, పరుగున కిటికీ దగ్గరికొచ్చి, గిన్నె నా చేతిలో పెట్టి, మళ్లీ పరుగున వెనక్కి పోయి అప్పుడు ఊపిరి వదిలేది. మాటలన్నీ అంత దూరం నుంచే. "కూర మంచిగుందా?" అని ఆమె, "ఉప్పెక్కువైంది" అని నేను, మధ్యలో ప్రయాణికుల నవ్వులు.

ఆమెను అని లాభం లేదు. ఆ బస్సు అలాంటిది. పేరుకు ఎర్ర బస్సు, వెనక సగం నల్లబడిపోయింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉంది కాబట్టి జనం మా బస్సుకు 'చిన్న ఫ్యాక్టరీ' అని పేరు పెట్టారు. ఎత్తు ఎక్కినప్పుడల్లా వెనక నుంచి నల్లటి పొగ బుసబుసా లేచేది. సగం బయటికి పోతే సగం గేరు పక్కనున్న సందులోంచి లోపలికి వచ్చేది. ఎక్కేవాళ్లంతా చేతిలో నిమ్మకాయ, నోట్లో చింతపండు పెట్టుకుని ఎక్కేవాళ్లు. సాయంత్రం నేను ముఖం కడుక్కుంటే గిన్నెలో నీళ్లు చూసి మా ఆయన, "నువ్వు టికెట్లు కొడ్తున్నవా, బొగ్గులు మోస్తున్నవా?" అనేవాడు.

అవ్వ ఆ బస్సు జీవితంలో ఒకే ఒక్కసారి ఎక్కింది. వర్నిలో ఎవరిదో పెళ్లికి పోతూ ఎక్కి, పక్కన నిలబడ్డ పెళ్లికొడుకు మేనమామ తెల్లటి కొత్త ధోవతి మీద పొద్దున తిన్నదంతా కక్కేసింది. ఆయన ఆ ధోవతితోనే పెళ్లి పందిట్లో కూర్చోవాల్సి వచ్చిందట. అవ్వ అక్కడే దిగిపోయి, చెరకు చేల గట్లమ్మట నడిచి ఇంటికొచ్చి, "ఈ జన్మల బస్సెక్క" అని ఒట్టు పెట్టుకుంది. జీపు కూడా ఎక్కేది కాదు, అదీ పొగ బండే. అందుకే నా కాపురం ఎలా ఉందో, నా వంటింట్లో పొయ్యి ఏ మూలనుందో ఆమెకు తెలియదు. నాకది లోపల గుచ్చుకునేది. అయినా రోజూ కిటికీలోంచి చూస్తున్నాను కదా అని సరిపెట్టుకున్నాను.

అప్పుడు నాకు నెల తప్పింది. ఇక చూడండి, అవ్వ సంబరం! మా దిక్కున తొలిచూలు కాన్పు తల్లిగారింట్లోనే కావాలి. పైగా మా ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్లు పోసేది మా అవ్వే. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రాసి ఒళ్లంతా సాగదీసి ఆమె నీళ్లు పోస్తే ఎంత ఏడుపుగొట్టు పిల్లలైనా పొద్దు తిరిగేదాకా పడుకునేవాళ్లు. ఊరి పిల్లలందరూ ఆమె కాళ్ల మీద పెరిగినవాళ్లే. నా కోసం బాపు, అదే మా నాన్న, ఇంటికి సున్నం వేయించాడు. అవ్వ పాత మెత్తటి చీరలన్నీ ఉతికి పొత్తిగుడ్డలకు మడతలు పెట్టింది.

ఇంతలో నా కాళ్లకు నీరు పట్టింది. నిజామాబాద్‌లో డాక్టరమ్మ రక్తపోటు చూసి, "కాన్పు ఇక్కడే, ఆసుపత్రిలోనే. పల్లెకు పోతానంటే ఒప్పుకోను" అని తేల్చి చెప్పింది. మా అత్త నా పెళ్లికి ముందే పోయింది. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. అంటే అవ్వ రావాలి, వచ్చి నెలా రెండు నెలలు నా దగ్గరుండాలి. లేదంటే నా బిడ్డకు మొదటి నీళ్లు ఎవరో పరాయి మనిషి పోస్తుంది. ఊరందరి పిల్లలకూ పోసిన చేతులు నా బిడ్డ దాకా రావా? ఆ మాట తలుచుకుంటే నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి.

స్టాపులో నిలబడి అదే అరిచాను. "అవ్వా, నువ్వే రావాలె! ఇంకెవ్వలున్నరు నాకు?"

అంత దూరం నుంచి ఆమె ముఖం వాడిపోవడం కనిపించింది. "నాకు రావాలని లేదా బిడ్డా? నాకు రాబుద్ధి కాదా? గా పొగల నేను నిజామాబాద్ దాక బతుకుతనా? నీ తాన దించేటాలకు నన్నే నలుగురు మోయాలె!"

"చెరుకు బండి మీద బోధన్ దాక రా, ఆడికెల్లి రైలెక్కు!"

"రైలుకు ఇంత కన్న పెద్ద పొగ! నాకు చెప్తున్నవా నువ్వు!"

బస్సంతా వింటోంది. ఒక ముసలాయన "ఎడ్లబండి కట్టుకొని పోరాదు" అని సలహా ఇచ్చాడు. బాపు ఆ మాటా అన్నాడట గానీ, రెండు పూటలు ఎండలో ఆ కుదుపుల్లో ఆమె నడుము నిలవదు. ఆ రోజు రొట్టె గిన్నెలోనే మిగిలింది.

అదే నెలలో డిపోకు కొత్త బస్సులు రావడం మొదలైంది. పొగ కక్కే పాత బండ్లను ఒక్కొక్కటిగా తీసేసి, పొగ రాని కొత్త ఇంజన్ల బండ్లు తిప్పాలని పైనుంచి హుకుం. పొగ రానిదంటే డీజిల్ తాగనిదని కాదు, కంటికి కనబడదు, ముక్కుకు తగలదు, అంతే. ఆ రోజుల్లో అదే మాకు మహాభాగ్యం. మొదటి బస్సు మెరుస్తూ వచ్చి నిలబడగానే నేను డిపో మేనేజర్ గదిలోకి పోయి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. "సార్, ఆ పాత బండి పొగ నేనొక్కదాన్నే పీలుస్తలేను. ఇద్దరం పీలుస్తున్నం" అన్నాను.

ఆయన మెత్తటి మనిషి. తల గోక్కుని, "సరేనమ్మా. నెల రోజులు మీ లైన్‌లో తిప్పి చూద్దాం. జనం ఎక్కితే అక్కడే ఉంచుతాం. ఖాళీగా తిరిగితే మాత్రం ఆర్మూర్ లైన్‌కు పంపిస్తాను, వాళ్లు రోజూ అడుగుతున్నారు" అన్నారు. జనం ఎక్కకపోవడమేమిటి! మా ఊరి దగ్గర బస్సు మలుపుకుంటే చుట్టుపక్కల తండాలు, గూడేలు అన్నీ అక్కడికే వచ్చి ఎక్కేవి. నిలబడ్డానికి చోటుండేది కాదు. గెలిచాననుకున్నాను. నా కాన్పుకు ఇంకా టైముంది, అప్పటికి ఈ బస్సు మా లైన్‌లో ఉంటే చాలు, అవ్వను ఎలాగైనా ఎక్కిస్తాను.

మా డ్రైవరు చాచాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. పాత బండితో ఆయనది ఏళ్ల తరబడి సావాసం. "పొగ లేంది ఏం ఇంజన్ బేటీ? దమ్ము లేనట్టుంది" అన్నాడు. అన్నాడే గానీ కొత్త బండికి కొబ్బరికాయ కొట్టించిందీ, నిమ్మకాయలు మిరపకాయలు కట్టిందీ ఆయనే. బోధన్ దాటేసరికి స్టీరింగు మీద తాళం వేస్తూ పాట ఎత్తుకున్నాడు.

ఊరేగింపులా పోయాం మా ఊరికి. తీరా చూస్తే స్టాపులో పిట్ట మనిషి లేడు.

చాచా హారన్ కొట్టాడు. కొడితే ఏం లాభం? చెరకు సీజన్‌లో ఆ రోడ్డు మీద లారీలు, ట్రాక్టర్లు పొద్దస్తమానం హారన్లు కొడుతూనే ఉంటాయి, ఎవరూ చెవిన పెట్టరు. కాసేపు చూసి ఖాళీ బస్సు తిప్పుకున్నాం. నాకు బస్సు ఖాళీ అన్న దిగులు కన్నా అవ్వ రాలేదన్న భయం ఎక్కువైంది. వానొచ్చినా వరదొచ్చినా గిన్నె తప్పించని మనిషి. ఆమెకు ఏమైనా అయిందా? ఆకలితో, భయంతో నిజామాబాద్ చేరాను.

మర్నాడూ అంతే. స్టాపు ఖాళీ. ఇక నావల్ల కాలేదు. "చాచా, బండి కదిలిస్తే నా మీద ఒట్టు" అని చెప్పి, సంచి భుజానేసుకుని ఊళ్లోకి నడిచాను. మా ఊరు రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. మధ్యలో అటూ ఇటూ మనిషిని మించిన చెరకు. ఆ తోటలు దాటి ఊరి మొదట్లో ఉన్న చాయ్ హోటల్ దగ్గరికి పోయి చూస్తే, నా కళ్లను నేనే నమ్మలేదు. జనమంతా అక్కడే ఉన్నారు! సంచులు, బుట్టలు, కోళ్లతో సహా, బెంచీల మీదా కిందా కూర్చుని, అందరూ ముఖాలు పైకెత్తి చెరకు తోటల మీద ఆకాశం వైపు చూస్తున్నారు.

"అగో, కండక్టరమ్మ నడుసుకుంట వస్తుంది! బస్సు ఖరాబైందా?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఖరాబేంది? బస్సు రోడ్డు మీద నిలబడ్డది! మీరిక్కడ ఏం జేస్తున్నరు?"

"బస్సు కోసమే కూసున్నం. నిన్న ఎందుకు రాలె?"

"వచ్చినం!"

"అబద్ధం జెప్పకు. వస్తే పొగ కనబడేది కదా."

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఇన్నేళ్లుగా మా ఊరు బస్సు టైము చూసింది గడియారంలో కాదు, ఆకాశంలో! చెరకు అడ్డం కాబట్టి రోడ్డు కనబడదు. చెరకు బండ్ల వెనక ఇరుక్కుని బస్సు ఏ పూటకు ఏ వేళకు వస్తుందో దేవుడికీ తెలియదు. అందుకని నీడన చాయ్ తాగుతూ కూర్చుని, కాలువ వంతెన దగ్గర నల్లటి పొగ లేవగానే తీరిగ్గా సంచులు ఎత్తుకుని బయలుదేరేవాళ్లు. మేం పొగలేని బస్సు తెచ్చామని మురిసిపోతుంటే, వీళ్లు పొగ రాలేదు కాబట్టి బస్సు రాలేదని ఇళ్లకు పోయారు.

జనంలోంచి అవ్వ లేచింది, చంకలో సద్ది గిన్నె. "నువ్వు రాలేదని నిన్న పొద్దంత ఏడ్సిన. డ్యూటీల ఏమన్న అయ్యిందో ఏమో అని!" అంటూ నన్ను పట్టుకుంది. నేనూ అదే చెప్పబోయాను గానీ, బస్సు గుర్తొచ్చి అందరి మీదా విరుచుకుపడ్డాను. "లేవుండ్రి! ఉరుకుండ్రి!" కోళ్లు ఎగిరాయి, చాయ్ గ్లాసులు పడ్డాయి. అయినా ఎక్కింది సగం మందే. తండాల నుంచి రావాల్సినవాళ్లు ఇంకా దూరం నుంచి ఆకాశం చూస్తూ ఉండిపోయారు.

పాత అలవాటు అంత తొందరగా పోతుందా? "రోజూ జర ముందుగాల్ల వచ్చి రోడ్డు మీద నిలబడుండ్రి" అని చెప్పి చెప్పి నా నోరు ఎండింది. "ఎండల ఎంతసేపని నిలబడాలె?" అనేవాళ్లు. ఒకరోజు పాతిక మంది ఎక్కితే మర్నాడు ఐదుగురు. సార్ ఏమీ అనేవారు కాదు గానీ, ఆర్మూర్ లైన్ కండక్టర్ నన్ను చూసి మీసం సవరించుకునేవాడు. నాకు కాళ్లలో నీరు పెరుగుతోంది, రోజులు దగ్గర పడుతున్నాయి. ఈ బస్సు పోతే అవ్వ రాదు. ఆ ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకోటి లేదు.

ఇక ఒకరోజు స్టాపులోనే పంచాయితీ పెట్టాను. హోటల్ దగ్గర మాట్లాడిన పెద్దాయన బాగా ఆలోచించి, "గింతదానికి లొల్లి ఎందుకు? బస్సు వచ్చే యాళ్లకు వంతెన కాడ ఇంత ఎండు చెరుకాకు కాలవెడ్దాం. పొగ లేస్తది, అందరికి ఎరుకైతది" అన్నాడు. సగం మంది "బరాబరే" అన్నారు. మా చాచాకూ హుషారొచ్చి, "అక్కర్లేదు, ఇంజన్ల ఆయిల్ జర ఎక్కువ పోస్తే మన బస్సే పొగ ఇడుస్తది" అన్నాడు. ఈ మనుషులను ఏం చేయాలి భగవంతుడా!

దూరంగా నిలబడిన అవ్వ అప్పుడు నోరు విప్పింది. "మీ నోట్ల మన్ను వడ! నా బిడ్డ కొట్లాడి పొగ లేని బస్సు దెస్తే మల్ల పొగ వెడ్తరా? సిగ్గు లేదు మీకు?"

"మరెట్ల వదినా?" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"ఎట్లంటే గట్ల. పొద్దంత మంచె మీద నిలబడి పిట్టల పోగొడ్తున్న. మంచె మీదికెల్లి వంతెన కనబడ్తది. పిట్టలనే బెదిరియ్యంగ లేంది, మిమ్ముల పిలుసుడు ఒక పనా నాకు?"

మా జొన్న చేను మంచె నాలుగు నిలువెత్తు గుంజల మీద ఉండేది. మర్నాడు మా బస్సు కాలువ వంతెన ఎక్కిందో లేదో, చెరకు తోటల మీదుగా ఒక కేక వచ్చింది. "ఓ... బస్సొచ్చెనో... ఓ... బస్సొచ్చెనో..." పిట్టలను తోలే ఆ పాత రాగంలోనే, పిట్టల బదులు బస్సు పెట్టింది, అంతే. జొన్న చేలోంచి పిట్టలన్నీ గుంపుగా లేచిపోయాయి. చాచా ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. "యా అల్లా! ఎవరు బేటీ అది?"

"మా అవ్వ చాచా!" అన్నాను. గర్వంగా మంచె వైపు చెయ్యి చూపించాను.

మేం స్టాపు చేరేసరికి జనం చెరకు సందుల్లోంచి పరుగెత్తుకొస్తున్నారు. మూటలతో, చంటిపిల్లలతో, చెరకు కొట్టే కత్తులు నడుముకు దోపుకుని కూలి ముగించుకున్నవాళ్లు. తండాల నుంచి అద్దాల రవికల ఆడవాళ్లు నవ్వుకుంటూ, రొప్పుకుంటూ వచ్చారు. అందరికన్నా వెనక, మంచె దిగి, సద్ది గిన్నెతో అవ్వ వచ్చింది. ఆ రోజు నుంచి ఒక్కరోజు కేక తప్పలేదు.

నెల కావస్తుండగా డిపో మేనేజర్ తానే చూద్దామని, చెప్పాపెట్టకుండా బోధన్‌లో మా బస్సు ఎక్కారు. సీట్లు సగం ఖాళీగా ఉండడం చూసి ఆయన పెదవి విరిచారు. వంతెన రానివ్వండి సార్, వంతెన రానివ్వండి అని మనసులోనే మొక్కుకున్నాను. వంతెన వచ్చింది, కేకా వచ్చింది. సార్ కిటికీలోంచి తల బయట పెట్టారు. జనం అన్ని దిక్కుల నుంచీ ఉరికి రావడం చూసి ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఎక్కేవాళ్ల తోపులాటలో ఆయన లేచి తన సీటు ఒక ముసలమ్మకు ఇవ్వాల్సి వచ్చింది.

"ఎవరమ్మా ఆవిడ?" అని అడిగారు, దూరంగా నిలబడిన అవ్వను చూపించి.

"మా అవ్వ సార్."

"ఇంతమందిని ఎక్కించింది, ఆమె ఎక్కలేదేం?"

పొగ సంగతి, ధోవతి సంగతి, నా కాన్పు సంగతి అన్నీ గబగబా చెప్పేశాను. ఆయన దిగేటప్పుడు, "బస్సు మీ లైన్‌లోనే ఉంటుంది. ఇక మీ అమ్మగారిని ఎక్కించే పని నీది" అన్నారు.

అదే కష్టమైన పని. అవ్వ ఆ బస్సును నమ్మితే కదా! ముందు దూరం నుంచి వాసన చూసేది. తర్వాత వెనక్కి పోయి, పొగగొట్టం దగ్గర తెల్ల గుడ్డ పట్టుకుని, తీసి, ఎండలో పెట్టి చూసుకునేది. "కొత్త కోడలు లెక్కున్నది. జర పాతగానియ్యి, దీని గుణం అప్పుడు బయటపడ్తది" అనేది.

"పాతగయ్యేదాక నా బిడ్డ లోపల్నే కూసుంటదా అవ్వా?" అని నేను అరిచేదాన్ని. బస్సులో వాళ్లంతా నా తరఫున, "ఎక్కవే ముసలీ, మమ్ముల రోజు ఎక్కిస్తవు, నువ్వెక్కవా?" అని వంత పాడేవాళ్లు. ఆమె మూతి తిప్పుకునేది.

సెలవు మీద పోయే ముందు నా ఆఖరి డ్యూటీ రోజున మాత్రం, గిన్నె కిటికీలోంచి ఇవ్వకుండా మెట్టు ఎక్కి లోపలికి వచ్చింది. బస్సంతా ఊపిరి బిగబట్టింది. ముందు సీటులో కూర్చుని, ఇంజను నడుస్తుండగా ముక్కుతో నాలుగు దిక్కులా పీల్చి చూసింది. నా ఉబ్బిన కాళ్లను చేత్తో నొక్కి చూసింది. చాచా అద్దంలోంచి చూస్తూ, "పోదామా అక్కా?" అన్నాడు. అంతే, చటుక్కున దిగిపోయింది. "జొన్నలు కోసినంక సూద్దాం" అంది. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. ఆ రోజు దారంతా నేను ఏడుస్తూనే టికెట్లు కొట్టాను.

సెలవులో రోజులు గడవవు. మా వాడకట్టులో ఆడవాళ్లంతా మధ్యాహ్నం చేటలు ముందు పెట్టుకుని బీడీలు చుడుతూ, "మీ అవ్వ వస్తుందా?" అని అడిగేవాళ్లు. "వస్తది" అని కసిరేదాన్ని. చివరికి ఒకరోజు చాచా డ్యూటీ దిగి పోతూ మా ఇంటి ముందు ఆగి, "రేపు వస్తనన్నది మీ అవ్వ. బాపు మూటలు కడుతున్నడు. బస్టాండుకు రా" అని చెప్పి పోయాడు. నేను నమ్మలేదు. నమ్మకుండానే పాలు తెప్పించాను, కొత్త పీట కొనిపించాను.

మర్నాడు మా ఆయన వద్దంటున్నా వినకుండా రిక్షా కట్టించుకుని బస్టాండుకు పోయాను. ఎండ. కూర్చుంటే లేవలేను, నిలబడితే కాళ్లు లాగుతున్నాయి. బస్సు మలుపు తిరిగి వచ్చి ఆగింది. తలుపు దగ్గరే నిలబడ్డాను. మా ఊరివాళ్లు దిగుతున్నారు, తండావాళ్లు దిగుతున్నారు. "మంచిగున్నవా బిడ్డా?" అని పలకరిస్తున్నారు. నేను వాళ్ల వెనక చూస్తున్నాను. కోళ్ల బుట్ట దిగింది, మూటలు దిగాయి, కొత్త కండక్టర్ దిగాడు. అవ్వ దిగలేదు. కిటికీలన్నీ చూశాను. ఒక్క తలా లేదు.

రాలేదు. ఆఖరి క్షణంలో దిగిపోయి ఉంటుంది. నాకు తెలుసు, నాకు ముందే తెలుసు! బస్టాండు మధ్యలో, అందరి ముందు, చిన్నపిల్లలా ఏడుపొచ్చేసింది.

చాచా తన తలుపులోంచి దిగి వచ్చి, "అరే బేటీ, ఏడుస్తవేంది? లోపలికి పో. చందూర్ దాటకముందే పండుకున్నది. నేను గుంతల మీద కూడ మెల్లగ తెచ్చిన, లేస్తదేమోనని" అన్నాడు.

రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని ఎక్కాను. వెనక సీటులో, కిటికీ కిందికి జారిపోయి, పొత్తిగుడ్డల మూట తల కింద పెట్టుకుని అవ్వ పడుకుని ఉంది. ఒక చేతిలో నిమ్మకాయ, ఇంకో చేయి నోటి దగ్గర కొంగు మీద. సన్నగా గురక. పొగ కోసం అంత కట్టుదిట్టంగా తయారై వచ్చిన మనిషి, పొగ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ నిద్రపోయింది. నేను పక్కన కూలబడ్డాను. బస్సును డిపోకు తీసుకుపోవాలి, అయినా చాచా తొందర పెట్టలేదు. బయట స్తంభానికి ఆనుకుని బీడీ ముట్టించుకున్నాడు.

కాసేపటికి అవ్వ కళ్లు తెరిచింది. నన్ను చూసింది. బస్సులో నన్ను చూడడం ఆమెకు కొత్త కాదు కదా, ఏమీ ఆశ్చర్యపోలేదు. చిరాగ్గా లేచి కూర్చుని, "ఏందే, ఈ బస్సు ఇంక కదల్తలేదు? ఎంతసేపు కూసుండాలె?" అంది.

నాకు నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు. "అవ్వా, ఇది నిజామాబాద్. వచ్చినవు నువ్వు. వచ్చేసినవు!"

నమ్మలేదు. కిటికీలోంచి బస్టాండు చూసింది, బోర్డులు చూసింది, చాచాను చూసింది. తన కడుపు మీద చెయ్యి వేసుకుని ఏమైనా తిప్పుతోందా అని కాసేపు పరీక్షగా చూసుకుంది. తర్వాత అదే చెయ్యి తీసి నా కడుపు మీద పెట్టింది. లోపల బిడ్డ కదిలింది.

"ముగ్గురం మంచిగనే ఉన్నం" అంది. "లే, ఇంటికి పోదాం."